విదేశీ నివాసులు – బ్యాంకు ధ్రువీకరణ: జపాన్‌లోని తెలుగువారి సందర్భంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఉన్నత విద్య, పరిశోధన, ఉద్యోగం నిమిత్తం విదేశాలలో నివసించేవారికి బ్యాంకుల నుంచి ధ్రువీకరణ అభ్యర్థనలు పదేపదే అందుతుంటాయి. వీటికి సకాలంలో సరైన సమాధానం అందకపోతే ఖాతా లావాదేవీలు నిలిచిపోయే ప్రమాదం ఉంది. ఈ అభ్యర్థనల వెనుక ఉన్న చట్టపరమైన నేపథ్యాన్ని, వాటిలోని ప్రశ్నల స్వరూపాన్ని, స్పందించవలసిన విధానాన్ని జపాన్‌లో నివసించే తెలుగువారి సందర్భంలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ‘నివాసి’ అనే ఒకే మాట వేర్వేరు చట్టాలలో వేర్వేరు అర్థాలలో ప్రయుక్తం కావడం, తెలుగు పేరు ఒక్కొక్క పత్రంలో ఒక్కొక్క రూపంలో నమోదు కావడం అనే రెండు భాషాపరమైన అంశాలు ఈ ప్రక్రియలో ప్రధాన సమస్యలుగా నిలుస్తున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బ్యాంకు ధ్రువీకరణ, కేవైసీ, విదేశీ నివాసి, ప్రవాస భారతీయుడు, జపాన్, ఇంటిపేరు, కతకన, లిప్యంతరీకరణ.

1. ప్రవేశిక

ఖాతా తెరిచిన రోజున పాస్‌పోర్టు చూపి, దరఖాస్తుపై సంతకం చేస్తే బ్యాంకుకు కావలసిన వివరాలన్నీ అందినట్లేనని సాధారణంగా భావిస్తారు. ఒకప్పుడు ఆ భావన చాలావరకు నిజమే. నేడు బ్యాంకు తన ఖాతాదారు ఎవరో తెలుసుకోవడం ఒకనాటితో ముగిసే పని కాదు. ఖాతా ఉన్నంతకాలం కొనసాగే బాధ్యత. అందువల్ల ఖాతా తెరిచిన రెండేళ్లకో మూడేళ్లకో “మీ వివరాలను నిర్ధారించండి” అనే లేఖ ఇంటికి వస్తుంది. స్వదేశంలో ఉన్నవారు సమీపంలోని శాఖకు వెళ్లి ఆధార్ ప్రతిని అందజేస్తే చాలావరకు పని పూర్తవుతుంది. విదేశీ నివాసి పరిస్థితి వేరు. లేఖ తనకు పూర్తిగా రాని భాషలో ఉంటుంది. అడిగిన పత్రాలలో కొన్ని ఒక ప్రభుత్వం ఇచ్చినవి, కొన్ని మరొక ప్రభుత్వం ఇచ్చినవి. పైగా వాటిలో చాలావాటికి గడువు ఉంటుంది.

ఈ లేఖను ఉపేక్షిస్తే కలిగే నష్టం చిన్నది కాదు. జీతం, ఉపకారవేతనం, ఇంటి అద్దె, విద్యుత్తు బిల్లు, ఆరోగ్య బీమా చెల్లింపు – ఇవన్నీ ఒకే ఖాతాపై ఆధారపడి ఉన్నవారికి ఆ ఖాతా కొన్ని రోజులు నిలిచిపోయినా జీవనం స్తంభిస్తుంది. ఆపదలో చేబదులు ఇచ్చే బంధువులు దగ్గర లేని దేశంలో ఆ ఇబ్బంది మరింత తీవ్రంగా ఉంటుంది. కాబట్టి ఈ అభ్యర్థనలను అర్థం చేసుకోవడం ఆచరణాత్మకమైన అవసరం.

2. ధ్రువీకరణకు చట్టపరమైన నేపథ్యం

అక్రమ ధనాన్ని సక్రమ ధనంగా మార్చే ప్రయత్నాలను అరికట్టడానికి 1989లో పారిస్‌లో జరిగిన జీ-7 దేశాల శిఖరాగ్ర సమావేశం ‘ఫైనాన్షియల్ యాక్షన్ టాస్క్ ఫోర్స్’ అనే అంతర్జాతీయ సంస్థను ఏర్పాటు చేసింది. ఈ సంస్థ రూపొందించిన 40 సిఫారసులే నేటి బ్యాంకు ధ్రువీకరణ నియమాలకు మూలం. వాటిలో పదవ సిఫారసు ఖాతాదారును గుర్తించడం, ఆ వివరాలను కాలానుగుణంగా సరిచూడడం అనే బాధ్యతలను ఆర్థిక సంస్థలపై ఉంచుతుంది. ప్రతి సభ్యదేశం ఈ సిఫారసులకు అనుగుణంగా తన చట్టాలను రూపొందించుకుంటుంది. ఆ చట్టాలు ఎంతవరకు అమలవుతున్నాయో ఇతర సభ్యదేశాల నిపుణులు మదింపు చేస్తారు.

జపాన్ ఈ సంస్థలో తొలినుంచీ సభ్యదేశం. నేరార్జిత ధన బదలాయింపు నిరోధక చట్టాన్ని ఆ దేశం 2007లో చేసింది. 2018లో జపాన్ ఆర్థిక సేవల సంస్థ బ్యాంకులకు మార్గదర్శకాలను ప్రకటించింది. పాత ఖాతాదారుల వివరాలను కూడా నిరంతరం తాజాపరచాలని అవి నిర్దేశించాయి. 2021 ఆగస్టులో వెలువడిన అంతర్జాతీయ మదింపు నివేదిక జపాన్ చర్యలను మరింత పటిష్ఠం చేయవలసి ఉందని సూచించింది. దాని తరువాత ఖాతాదారులకు ధ్రువీకరణ లేఖలు పంపడాన్ని బ్యాంకులు ముమ్మరం చేశాయి. భారతదేశం 2010లో ఈ సంస్థలో పూర్తి సభ్యత్వం పొందింది. 2002 నాటి అక్రమ ధన చలామణి నిరోధక చట్టం, రిజర్వు బ్యాంకు జారీచేసిన కేవైసీ నిబంధనలు ఇక్కడి ప్రక్రియకు ఆధారాలు.

ఈ నేపథ్యం తెలిస్తే ఒక అపోహ తొలగిపోతుంది. ధ్రువీకరణ లేఖ అందడం తనపై అనుమానానికి సంకేతమని విదేశీ నివాసి సహజంగానే కలతపడతాడు. ఇటువంటి లేఖలు స్థానిక పౌరులకు కూడా వెళతాయి. అయితే విదేశీయుని విషయంలో ఒక ప్రశ్న అదనంగా చేరుతుంది: ఈ దేశంలో ఎంతకాలం ఉంటారు? ఈ ప్రశ్నకు కారణం లేకపోలేదు. దేశం విడిచి వెళ్లేవారు తమ ఖాతా పుస్తకాన్ని, కార్డును ఇతరులకు అమ్మివేయడం, ఆ ఖాతాలు మోసాలకు వినియోగపడడం జపాన్‌లో పరిపాటిగా ఎదురవుతున్న నేరం. ఖాతాను ఇతరులకు బదలాయించడం పైన పేర్కొన్న చట్టం ప్రకారం శిక్షార్హం. ఈ దృష్టితో బ్యాంకు విదేశీయుని నివాస గడువును ఖాతాతో ముడిపెడుతుంది.

3. ధ్రువీకరణ లేఖలోని ప్రశ్నలు

లేఖల రూపం బ్యాంకును బట్టి మారినా, వాటిలోని ప్రశ్నలను ఐదు విధాలుగా వర్గీకరించవచ్చు.

3.1. గుర్తింపు: పేరు, పుట్టిన తేదీ, జాతీయత. జపాన్‌లో మూడు నెలలకు మించి నివసించే విదేశీయులకు 2012 జూలై 9 నుంచి నివాస కార్డు జారీ అవుతోంది. ‘జైర్యూ కార్డు’గా పిలిచే ఈ పత్రమే ప్రధాన ఆధారం.

3.2. నివాస హోదా, గడువు: విద్యార్థి, ఇంజినీరు, ఆచార్యుడు, ఆశ్రితులు మొదలైన హోదాలలో ఏది వర్తిస్తుంది, అది ఏ తేదీ వరకు చెల్లుతుంది అనేవి ఇందులోని ప్రశ్నలు.

3.3. చిరునామా: కొత్త ఇంటికి మారిన 14 రోజులలోపు పురపాలక కార్యాలయంలో నమోదు చేసుకోవడం తప్పనిసరి. అక్కడ నమోదైన చిరునామా, కార్డుపై ఉన్న చిరునామా, బ్యాంకు వద్ద ఉన్న చిరునామా ఒకటే కావాలి.

3.4. వృత్తి, ఖాతా వినియోగం: ఉద్యోగ సంస్థ, ఆదాయ వనరు, ఖాతాను జీతం కోసమా, పొదుపు కోసమా, విదేశాలకు డబ్బు పంపడం కోసమా వాడుతున్నారనే వివరాలు ఈ వర్గంలోకి వస్తాయి.

3.5. పన్ను నివాసం: ఏ దేశంలో లేదా దేశాలలో పన్ను నివాసి అనేది స్వయంగా ప్రకటించాలి. జపాన్‌లో 2017 జనవరి 1 నుంచి కొత్తగా ఖాతా తెరిచేవారందరూ ఈ ప్రకటన ఇవ్వాలి. పన్ను నివాసం మారితే మూడు నెలలలోగా తెలియజేయాలి.

ఈ ఐదింటిలో ఏ ఒక్కటీ విడిగా చూస్తే కష్టమైన ప్రశ్న కాదు. విడివిడిగా సరైన పత్రాలే అయినా, వాటి మధ్య పొంతన కుదరనప్పుడు సమస్య తలెత్తుతుంది. ఆ పొంతన ప్రధానంగా రెండుచోట్ల దెబ్బతింటుంది: ‘నివాసి’ అనే మాట దగ్గర, పేరు దగ్గర.

4. ‘నివాసి’: ఒక మాట, నాలుగు నిర్వచనాలు

సామాన్య వ్యవహారంలో ఒకచోట ఉంటున్నవారు అక్కడి నివాసి. చట్టపరిభాషలో ఈ మాటకు ఒకే అర్థం లేదు. ఒక ఊహాత్మక ఉదాహరణతో దీనిని పరిశీలించవచ్చు. హైదరాబాదుకు చెందిన ఒక విద్యార్థి మూడేళ్ల పరిశోధన కోసం అక్టోబరు 1వ తేదీన భారతదేశం విడిచి ఒసాకా చేరాడనుకుందాం.

మొదటిది, జపాన్ వలస చట్టం. ఈ చట్టం దృష్టిలో ఆ విద్యార్థి మధ్యకాలిక లేదా దీర్ఘకాలిక నివాసి. నివాస కార్డు అందుకుంటాడు.

రెండవది, జపాన్ విదేశ మారక చట్టం. ఆ దేశంలోని కార్యాలయంలో ఉద్యోగం చేసే విదేశీయుడు నివాసిగా పరిగణన పొందుతాడు. ఇతరులు వచ్చిన ఆరు నెలల వరకు అనివాసులే. అందువల్ల చేతిలో నివాస కార్డు ఉన్నప్పటికీ తొలి ఆరు నెలలు ఆ విద్యార్థి ఖాతాపై డబ్బు పంపడం, స్వీకరించడం వంటి విషయాలలో పరిమితులు ఉండవచ్చు. ఆరు నెలల తరువాత బ్యాంకుకు తెలియజేసి ఖాతా స్థితిని మార్పించుకోవాలి.

మూడవది, భారత విదేశ మారక నిర్వహణ చట్టం, 1999. ఉద్యోగానికో, అనిశ్చిత కాలం పాటు ఉండే ఉద్దేశంతోనో దేశం విడిచినవారు అనివాసులవుతారు. విదేశాలకు చదువుకోసం వెళ్లిన విద్యార్థులను కూడా అనివాసులుగానే పరిగణించాలని రిజర్వు బ్యాంకు 2003 డిసెంబరులో స్పష్టం చేసింది. కాబట్టి హైదరాబాదులోని అతని సాధారణ పొదుపు ఖాతా ‘ఎన్‌ఆర్‌ఓ’ ఖాతాగా మారాలి.

నాల్గవది, ఆదాయపు పన్ను చట్టం. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు 183 రోజులు భారతదేశంలో గడిపిన ఆ విద్యార్థి, 182 రోజుల నియమం ప్రకారం ఆ ఆర్థిక సంవత్సరానికి భారతదేశంలో పన్ను నివాసి. ఏడాదికి మించిన చదువు కోసం వచ్చినందువల్ల జపాన్ పన్ను చట్టం దృష్టిలో కూడా అతడు సాధారణంగా నివాసే. ఇటువంటి సందర్భాల కోసమే బ్యాంకు పత్రంలో ఒకటికి మించిన దేశాల పేర్లు రాయడానికి వీలుంటుంది. ఒకే ఆదాయంపై రెండుసార్లు పన్ను పడకుండా చూడడానికి భారత్, జపాన్‌ల మధ్య 1989 నాటి ఒప్పందం ఉంది.

ఒకే వ్యక్తి, ఒకే నెలలో, ఒక చట్టం ప్రకారం నివాసి, మరొక చట్టం ప్రకారం అనివాసి. తెలుగులో ఈ భావాలన్నింటికీ ‘నివాసి’ అనే మాటనే వాడుతున్నందువల్ల ప్రశ్న ఏ చట్టానికి చెందినదో గుర్తించకుండా సమాధానం రాసే అవకాశం ఎక్కువ. “మీరు నివాసియేనా?” అని అడిగితే ‘అవును’ అనడం సహజం. ఆ సమాధానం వలస చట్టం పరంగా సరైనదే కావచ్చు. విదేశ మారక చట్టం పరంగా తప్పుడు ప్రకటన కావచ్చు. అందువల్ల ధ్రువీకరణ పత్రంలో ఈ మాట ఎదురైనప్పుడు, అది గడువుకు సంబంధించిన ప్రశ్నా, డబ్బు బదిలీకి సంబంధించిన ప్రశ్నా, పన్నుకు సంబంధించిన ప్రశ్నా అని ముందుగా నిర్ధారించుకోవాలి. తెలుగు వివరణలలో ‘వలస నివాసి’, ‘మారక నివాసి’, ‘పన్ను నివాసి’ అని విశేషణంతో కలిపి వాడితే ఈ సందిగ్ధత చాలావరకు తొలగుతుంది.

5. పేరు: లిపి మారితే వ్యక్తి మారినట్లే

తెలుగువారి నామవ్యవస్థలో ఇంటిపేరు ముందు, వ్యక్తినామం తరువాత వస్తాయి. వ్యక్తినామంలో రెండు మూడు పదాలు ఉండడం, వాటిని కొన్నిసార్లు కలిపి, కొన్నిసార్లు విడదీసి రాయడం, ఇంటిపేరును పొడి అక్షరానికి కుదించడం మనకు సహజం. ‘కొత్తపల్లి వెంకట లక్ష్మి’ అనే కల్పిత నామాన్ని తీసుకుంటే, ఆమె పదో తరగతి ధ్రువపత్రంలో ‘కె. వెంకట లక్ష్మి’గా, బ్యాంకు పుస్తకంలో ‘కె.వి. లక్ష్మి’గా, విశ్వవిద్యాలయ పట్టాలో ‘కొత్తపల్లి వెంకటలక్ష్మి’గా, విదేశీ ఉద్యోగ ఒప్పందంలో ‘వెంకట లక్ష్మి కొత్తపల్లి’గా కనిపించవచ్చు. వివాహానంతరం ఇంటిపేరు మార్చుకుంటే ఐదవ రూపం చేరుతుంది. ఈ రూపాలన్నీ ఒకే వ్యక్తివని తెలుగు పాఠకుడు క్షణంలో గ్రహిస్తాడు. అక్షరాలను సరిపోల్చే కంప్యూటరుకు అవి ఐదుగురు వ్యక్తులు.

భారతీయ పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, వ్యక్తినామానికి మరొక గడి ఉంటాయి. కొందరి పాస్‌పోర్టులలో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా వ్యక్తినామం గడిలోనే ఉంటుంది. ఇంటిపేరు తప్పనిసరి అయిన దేశాలలో ఈ ఖాళీ గడి ఇబ్బంది కలిగిస్తుంది. అమెరికా వీసాలో ఇటువంటి సందర్భాలలో మొదటి పేరు స్థానంలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ అనే మూడక్షరాలు చేరతాయి. ‘మొదటి పేరు తెలియదు’ అని వాటి అర్థం. ఆ మూడక్షరాలే బ్యాంకు ఖాతాలో పేరుగా నమోదయ్యే పరిస్థితి కూడా ఏర్పడుతుంది.

జపాన్‌లో దీనికి తోడు లిపి సమస్య ఉంది. నివాస కార్డుపై పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లే రోమన్ లిపిలో ఉంటుంది. దేశీయ బ్యాంకు బదిలీలలో మాత్రం ఖాతాదారు పేరు కతకన లిపిలో ఉంటుంది. ఈ లిప్యంతరీకరణకు అధికారిక పట్టిక లేదు. ఖాతా తెరిచేటప్పుడు ఖాతాదారో, గుమస్తానో రాసిన రూపమే స్థిరపడుతుంది. అక్కడ మూడు రకాల ధ్వని మార్పులు జరుగుతాయి.

ఒకటి, జపనీస్ భాషలో ‘ల’, ‘ర’లకు భేదం లేదు. ‘లక్ష్మి’ దాదాపు ‘రకుషుమి’ అవుతుంది. రెండు, ‘వ’కారంతో మొదలయ్యే పేరును కొందరు ‘వ’ ధ్వనికి ప్రత్యేకించిన అక్షరంతో, కొందరు ‘బ’ వర్ణంతో రాస్తారు. ‘వెంకట’ ఒకచోట ‘వెంకట’గా, మరొకచోట ‘బెంకట’గా ఉంటుంది. మూడు, దంత్యమైన ‘త’ను రోమన్ లిపిలో ‘టి’, ‘హెచ్’ అక్షరాల జంటతో రాయడం తెలుగువారి అలవాటు. ఆ జంటను ఇంగ్లీషు పద్ధతిలో చదివే జపాన్ గుమస్తా దానిని ‘స’గా రాస్తాడు. ఆ విధంగా ‘కొత్తపల్లి’ ఒకచోట ‘కొత్తపర్రి’గా, మరొకచోట ‘కొసపరి’గా నమోదు కావచ్చు. ద్విత్వాలు, దీర్ఘాలు నిలవడం లేదా పోవడం కూడా రాసినవారి చెవిని బట్టి ఉంటుంది.

పరిశోధకులకు ఇది ఆసక్తికరమైన ధ్వనిపరిణామ ఉదాహరణ. నెలాఖరున జీతం కోసం ఎదురుచూసే ఉద్యోగికి మాత్రం ఇది వేరొక సమస్య. ఉద్యోగ సంస్థ రాసిన కతకన రూపం, బ్యాంకులో నమోదైన కతకన రూపం సరిపోలకపోతే బదిలీ తిరస్కరణకు గురవుతుంది. ధ్రువీకరణ లేఖకు సమాధానం రాసేటప్పుడు పేరును మరొక విధంగా రాస్తే పాత పొంతన కూడా దెబ్బతింటుంది.

దీనికి నివారణోపాయం తేలికైనదే. ఖాతా తెరిచేటప్పుడే తన పేరు ఉచ్చారణకు దగ్గరగా ఉండే కతకన రూపాన్ని సహోద్యోగి సహాయంతో నిర్ణయించుకుని, ఉద్యోగ సంస్థ, ఆరోగ్య బీమా, టెలిఫోను సంస్థ, బ్యాంకు అన్నింటికీ అదే రూపాన్ని ఇవ్వాలి. బ్యాంకులో ఇప్పటికే తప్పుగా నమోదై ఉంటే, దానిని అధికారికంగా సరిచేయించుకోవాలి. అంతవరకు ఆ తప్పు రూపాన్నే అన్నిచోట్లా యథాతథంగా వాడడం క్షేమం. ఖాతా పుస్తకం తొలి పుట ఛాయాచిత్రాన్ని దగ్గర ఉంచుకుంటే సందేహం తీరుతుంది.

6. గడువు, తపాలా: రెండు ఆచరణాత్మక చిక్కులు

నివాస కార్డు గడువు ముగింపు తేదీని బ్యాంకులు నమోదు చేసుకుంటాయి. ఆ తేదీ దాటినా కొత్త కార్డు వివరాలు అందకపోతే నగదు తీసుకోవడం, డబ్బు పంపడం వంటి సేవలను నిలిపివేయవచ్చు. గడువు పొడిగింపునకు మూడు నెలల ముందునుంచే దరఖాస్తు చేసుకునే వీలున్నా, నిర్ణయం ఆలస్యం కావచ్చు. ఇటువంటి సందర్భంలో జపాన్ చట్టం ఒక రక్షణ కల్పించింది. గడువులోగా దరఖాస్తు చేసినవారు, నిర్ణయం వెలువడేవరకు లేదా పాత గడువు ముగిసిన రెండు నెలల వరకు – వీటిలో ఏది ముందైతే అంతవరకు – పాత హోదాలోనే చట్టబద్ధంగా ఉండవచ్చు. వలస కార్యాలయంలో స్వయంగా దరఖాస్తు చేస్తే కార్డు వెనుక ఆ విషయం ముద్రితమవుతుంది. అంతర్జాలం ద్వారా దరఖాస్తు చేసినవారికి ఆ ముద్ర ఉండదు. దరఖాస్తు అందినట్లు వచ్చిన ఈ-మెయిలే ఆధారం. ఈ ఆధారాన్ని గడువు తీరకముందే బ్యాంకుకు చూపాలి. ఖాతా నిలిచిన తరువాత చూపడం కంటె నిలవకముందు చూపడం ఎంతో సులభం.

శాశ్వత నివాస హోదా పొందినవారు మరొక పొరపాటు చేస్తారు. వారి హోదాకు గడువు లేదు. వారి కార్డుకు మాత్రం గడువు ఉంటుంది, ఆ గడువులోగా దానిని మార్చుకోవాలి. “నాకు గడువు లేదు” అనే భావనతో బ్యాంకుకు కొత్త కార్డు వివరాలు అందించకపోతే వారు కూడా ఇదే చిక్కులో పడతారు.

రెండవ చిక్కు తపాలాకు సంబంధించినది. జపాన్‌లో ఇల్లు మారినవారు తపాలా కార్యాలయంలో నమోదు చేసుకుంటే పాత చిరునామాకు వచ్చే ఉత్తరాలు ఏడాది పాటు కొత్త చిరునామాకు చేరతాయి. చిరునామా నిర్ధారణ కోసం బ్యాంకులు పంపే ఉత్తరాలపై మాత్రం ‘మళ్లింపు వద్దు’ అనే సూచన ఉంటుంది. అవి కొత్త ఇంటికి రావు. తిరిగి బ్యాంకుకే చేరతాయి. ఖాతాదారు ఆ చిరునామాలో లేరన్న నిర్ధారణకు బ్యాంకు వస్తుంది. లేఖ వచ్చిన సంగతే ఖాతాదారుకు తెలియదు. తపాలా పెట్టెపై పేరు రాయకపోయినా ఉత్తరం వెనక్కి వెళ్లే అవకాశం ఉంది. కాబట్టి చిరునామా మార్పును పురపాలక కార్యాలయంలో నమోదు చేసిన వారంలోనే బ్యాంకుకు కూడా తెలియజేయడం అవసరం.

7. స్వదేశంలోని ఖాతా

విదేశీ నివాసికి రెండవ వైపు నుంచి కూడా అభ్యర్థనలు వస్తాయి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఖాతాదారుల కేవైసీని అధిక ప్రమాద వర్గానికి రెండేళ్లకు, మధ్యమ వర్గానికి ఎనిమిదేళ్లకు, అల్ప వర్గానికి పదేళ్లకు ఒకసారి తాజాపరచాలి. 2020లో ప్రవేశపెట్టిన వీడియో ధ్రువీకరణ విధానం దూరంగా ఉన్నవారికి ఉపకరిస్తుందని అనిపిస్తుంది. అయితే ఖాతాదారు భౌతికంగా భారతదేశంలో ఉన్నారని స్థాన సమాచారం ద్వారా నిర్ధారించుకోవాలని ఆ నిబంధనలే చెప్పాయి. టోక్యోలో కూర్చుని హైదరాబాదు శాఖకు ఆ పద్ధతిలో ధ్రువీకరణ ఇవ్వాలనుకున్నవారికి ఈ షరతు అడ్డువస్తుంది.

వీరికి నిబంధనలు మరొక దారి చూపాయి. పాస్‌పోర్టు, వీసా, విదేశీ చిరునామా పత్రాల ప్రతులను భారత రాయబార కార్యాలయం, విదేశంలోని నోటరీ, న్యాయాధికారి, భారతీయ బ్యాంకుల విదేశీ శాఖలు, భారతీయ బ్యాంకులతో సంబంధం గల విదేశీ బ్యాంకుల శాఖలు – వీరిలో ఎవరి ధ్రువీకరణతోనైనా పంపవచ్చు. ఈ జాబితా గురించి తెలియక, కేవలం కేవైసీ కోసం విమాన ప్రయాణానికి సిద్ధపడేవారూ ఉన్నారు.

ఇక్కడ పాత పేరు రూపాల సమస్య మళ్లీ ఎదురవుతుంది. పాన్ దరఖాస్తులో ఇంటిపేరు, మొదటి పేరు గడులలో పొడి అక్షరాలు వాడకూడదు. కాలేజీ రోజుల్లో పొడి అక్షరాలతో తెరిచిన ఖాతా పేరు, పాన్‌లోని పేరు, పాస్‌పోర్టులోని పేరు కలవకపోతే ‘ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివి’ అనే ప్రమాణపత్రాన్ని బ్యాంకు అడగవచ్చు. స్వదేశానికి వచ్చినప్పుడు బ్యాంకు ఖాతాలోని పేరును పాస్‌పోర్టు రూపానికి మార్చుకుంటే ఈ ప్రమాణపత్రం అవసరం శాశ్వతంగా తీరుతుంది.

8. అసలు అభ్యర్థన, నకిలీ అభ్యర్థన

ధ్రువీకరణ లేఖలు సాధారణమైనకొద్దీ వాటిని అనుకరించే మోసాలూ పెరుగుతాయి. “24 గంటలలో వివరాలు ఇవ్వకపోతే ఖాతా మూసివేస్తాం” అనే సందేశం భాష సరిగా తెలియని విదేశీయుని సులభంగా భయపెడుతుంది. అసలు అభ్యర్థనను గుర్తించడానికి మూడు పరీక్షలు చాలు. మొదటిది, అడిగిన సమాచారం స్వభావం: బ్యాంకు హోదా, చిరునామా, వృత్తి అడుగుతుంది, రహస్య సంఖ్య, ఓటీపీ అడగదు. రెండవది, సమాధానం పంపే మార్గం: సందేశంలోని లింకును నొక్కకుండా, కార్డు వెనుక ఉన్న నంబరుకు ఫోను చేసి గానీ, బ్యాంకు యాప్‌ను స్వయంగా తెరిచి గానీ అభ్యర్థన నిజమేనా అని తెలుసుకోవాలి. మూడవది, గడువు: చట్టబద్ధమైన ప్రక్రియ సాధారణంగా ఖాతాదారుకు తగిన వ్యవధి ఇస్తుంది, గంటల వ్యవధితో బెదిరించే సందేశాన్ని అనుమానించడమే వివేకం.

అసలు లేఖను నకిలీదని భావించి పారవేయడం కూడా ఇంతే నష్టదాయకం. సందేహం కలిగినప్పుడు లేఖను తీసుకుని శాఖకు వెళ్లడం ఉభయతారకమైన మార్గం.

9. ముగింపు

బ్యాంకు ధ్రువీకరణ ఒక ఆర్థిక ప్రక్రియగా కనిపించినా, దాని ఆచరణలో భాష పాత్ర గణనీయమైనది. ఖాతాదారు నిజాయితీపరుడు, పత్రాలు నిజమైనవి అయినప్పటికీ ఒక పదం అర్థం దగ్గరో, ఒక పేరు వర్ణక్రమం దగ్గరో ఖాతా నిలిచిపోగలదు. ఈ పరిశీలన ద్వారా తేలిన ముఖ్యాంశాలివి:

1. ధ్రువీకరణ అభ్యర్థన వ్యక్తిగత అనుమానానికి సూచన కాదు. 1989 నుంచి రూపొందుతూ వచ్చిన అంతర్జాతీయ నియమాల ఫలితంగా ఇది ఖాతాదారులందరికీ వర్తిస్తుంది. విదేశీయునికి నివాస గడువు అనే ప్రశ్న అదనం.

2. ‘నివాసి’ అనే పదాన్ని వలస, విదేశ మారక, పన్ను చట్టాల పరంగా వేరుచేసి అర్థం చేసుకున్న తరువాతే సమాధానం రాయాలి.

3. పాస్‌పోర్టులోని పేరు రూపాన్ని ప్రమాణంగా స్వీకరించి, స్వదేశ ఖాతా, పాన్, విదేశీ ఖాతాలను దానికి అనుగుణంగా సవరించుకోవాలి. కతకన వంటి అన్య లిపులలో ఒకే రూపాన్ని స్థిరపరచుకోవాలి.

4. కార్డు గడువు, చిరునామా, ఉద్యోగం, పన్ను నివాసం – వీటిలో ఏది మారినా లేఖ కోసం వేచి ఉండకుండా బ్యాంకుకు తెలియజేయాలి. పంపిన ప్రతి పత్రం నకలును, తేదీని భద్రపరచుకోవాలి.

5. దేశం విడిచి శాశ్వతంగా వెళ్లేవారు ఖాతాను మూసివేసి లేదా బ్యాంకు అనుమతించిన మేరకు స్థితిని మార్పించుకుని వెళ్లాలి. ఖాతాను ఇతరులకు అప్పగించడం నేరం.

తెలుగు శాఖలకు ఈ అంశంలో చేయదగిన పని ఉంది. పరిపాలన, బ్యాంకింగు రంగాల పారిభాషిక పదాలను సేకరించి, వాటి అర్థభేదాలను వివరించే చిన్న పదకోశాలను తయారుచేయవచ్చు. తెలుగు పేర్లను జపనీస్, కొరియన్, అరబ్బీ, జర్మన్ వంటి భాషల లిపులలో రాసే పద్ధతులపై లిప్యంతరీకరణ పట్టికలు రూపొందించవచ్చు. విదేశీ విశ్వవిద్యాలయాలకు ఏటా వెళుతున్న విద్యార్థులకు అటువంటి పట్టిక ఒక పుటలో అందినా చాలు. నెల జీతం సకాలంలో చేతికి అందడానికి భాషాశాస్త్రం తోడ్పడగలదనడానికి అదే నిదర్శనం అవుతుంది.